బాండికూట్‌లో పందికొక్కు వాటా ఎంత?

మూలవాది: ఇంగ్లీషులో బాండికూట్ అనే మాట ఉంది. అది మన పందికొక్కే. భాషాభిమానం పొంగి అంటున్న మాట కాదిది. ఈస్టిండియా కంపెనీ వాళ్ళ నోళ్ళలో నలిగి ఇంగ్లీషులో చేరిన మన దేశపు మాటలను పోగేసి హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ ఒక నిఘంటువు కూర్చారు. హాబ్సన్-జాబ్సన్ అనే పేరుతో 1886లో అచ్చయింది. బాండికూట్ తెలుగు మాట అని, పంది, కొక్కు అని విడదీసి మరీ అందులో రాశారు. పక్క భాషలు వెతికినా వేరే దారి దొరకదు. తమిళంలో పెరుచ్చాళి, కన్నడంలో హెగ్గణ, మరాఠీలో ఘూస్. వీటిని ఎంత నమిలినా బాండికూట్ రాదు. కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో కోఠీ పెట్టింది. కృష్ణా డెల్టా ధాన్యం నిండిన ఊళ్ళో మకాం పెట్టినవాడికి పందికొక్కు ఎదురుపడకుండా ఉంటుందా?

వాడుకవాది: ఎదురుపడే ఉంటుంది. మూలం గురించి మీతో నాకు పేచీ లేదు. మీరు తర్వాత ఎక్కడికి వెళ్తారో తెలుసు కనుక పేచీ అక్కడ పెట్టుకుంటాను. మాట మనది కాబట్టి దాని అర్థం మీద మనకు హక్కుంది అంటారు. అవునా?

మూలవాది: హక్కు అనను. బాధ్యత ఉంది అంటాను. ఈ మాట మన దగ్గర ఎలుక జాతిలో పెద్దదాన్ని చూపిస్తుంది. ధాన్యం దోచి బొరియలో దాచుకునే జంతువు. ఇంగ్లీషువాళ్ళు 1788లో సిడ్నీలో దిగాక, ఆ శతాబ్దం చివరికల్లా ఇదే మాటను అక్కడి మరో జంతువుకు తగిలించారు. అది ఎలుక కాదు, ఎలుకకు దూరపు బంధువు కూడా కాదు. కంగారూ చుట్టం. కడుపు మీద సంచి ఉంటుంది, పిల్లల్ని అందులో పెంచుతుంది. అలాంటి జాతులు ఇరవై దాకా ఉన్నాయి. ఇవాళ ప్రపంచంలో బాండికూట్ అంటే ఎక్కువమందికి గుర్తొచ్చేది అదే. కాకపోతే 1996లో ప్లేస్టేషన్ మీద వచ్చిన క్రాష్ బాండికూట్ అనే ఆట. హైదరాబాదులో ఆ ఆట ఆడి పెరిగిన పిల్లలకు ఆ పేరులో తమ అమ్మమ్మ వాడిన మాట ఉందని తెలియదు.

వాడుకవాది: తెలియకపోతే ఆటలో ఏమైనా తక్కువైందా? సరే, అది వదిలేద్దాం. ముందు మన పందికొక్కునే పట్టుకుందాం. అందులో పంది ఎక్కడుంది? మూలమే అర్థాన్ని శాసిస్తుందంటే, మొదట తప్పు పట్టాల్సింది తెలుగువాళ్ళనే. ఎలుకకు పంది పేరు పెట్టాం. ముళ్ళపందిలోనూ పంది లేదు. చిత్రమేమిటంటే ఇంగ్లీషు పోర్క్యుపైన్ కూడా మూలంలో ముళ్ళ పందే, లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఒకరినొకరు అడక్కుండానే రెండు చోట్లా ఒకే పొరపాటు చేశారు. చెవులపిల్లి పిల్లి కాదు, కుందేలు. జంతువులకు పేర్లు పెట్టేది జీవశాస్త్రజ్ఞులు కాదు, దారిన పోయేవాళ్ళు. వాళ్ళు పోలిక చూస్తారు, పేరు పెడతారు, ముందుకు పోతారు.

మూలవాది: పోలిక చూడటం వేరు, బతుకంతా దాని పక్కనే గడిపి చూడటం వేరు. పందికొక్కు మూలకు చిక్కితే పందిలా గుర్రుమంటుంది. ముట్టెతో నేల పెళ్ళగిస్తుంది. ఒళ్ళంతా బిరుసు వెంట్రుకలు. ఈ మూడూ తెలిసినవాడు పెట్టిన పేరది. పొలంలో బొరియ చూసి లోపల ఏ ఎలుకుందో చెప్పగల యానాదులు ఉన్న నేల ఇది. ఆస్ట్రేలియాలో ఓడ దిగినవాడికి ఆ జంతువు గురించి ఏం తెలుసు? ఇండియాలో విన్న మాట ఒకటి నాలుక మీద ఉంది, ఎదురుగా ముక్కు పొడుగాటి జంతువు కనిపించింది, అంటించేశాడు.

వాడుకవాది: వాడూ చూసే పెట్టాడండీ. రాత్రిపూట తిరుగుతుంది, ముక్కుతో నేల తవ్వుతుంది, దాదాపు అంతే పరిమాణం. మీరు చెప్పిన లక్షణాల్లో సగం అక్కడా ఉన్నాయి. పండితులు మాత్రం ఏం తక్కువ తిన్నారు? 1804లో ఫ్రెంచి శాస్త్రవేత్త జెఫ్రాయ్ దానికి పెరామెలెస్ అని శాస్త్రీయ నామం పెట్టాడు. సంచి ఉన్న బ్యాడ్జర్ అని దానర్థం. అది బ్యాడ్జరూ కాదు. తెలియనిదాన్ని తెలిసినదాని పేరుతో పిలవడం తప్పయితే మన వంటింట్లో బంగాళాదుంప ఏమిటి? అది దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల్లో పుట్టింది. పెరూ రైతులు వేల ఏళ్ళుగా సాగు చేసిన దుంపను మనం బంగాళాకు రాసిచ్చేశాం. ఏ రోజైనా పశ్చాత్తాపపడ్డామా?

మూలవాది: దెబ్బ తగిలింది, ఒప్పుకుంటాను. బంగాళాదుంపను సమర్థించడం నా వల్ల కాదు. కానీ ఒక్క తేడా ఉంది. మనం పెరూను ఆక్రమించి, అక్కడివాళ్ళు దాన్నేమంటారో వినిపిస్తున్నా వినకుండా ఆ పేరు పెట్టలేదు. దుంప మన దగ్గరకు చేతులు మారుతూ వచ్చింది, పేరు కూడా ఆ దారిలోనే అంటుకుంది. ఆస్ట్రేలియాలో జరిగింది వేరు. అక్కడ మనుషులున్నారు. వందల భాషలున్నాయి. ప్రతి భాషలోనూ ఈ జంతువులకు పేర్లున్నాయి. వాటన్నిటి మీదా మన పందికొక్కును పరిచేశారు. ఇంకొకరి మాటను చెరిపేయడానికి మన మాట పనికొచ్చిందన్నది నాకు గొప్పగా అనిపించదు. నా బాధ్యత అన్నది ఇదీ.

వాడుకవాది: ఇది మీరు మొదలుపెట్టిన వాదన కాదు. దానికంటే బలమైనది.

మూలవాది: ఇంకా బలమైన దాఖలా ఉంది, వినండి. 1836లో థామస్ మిచెల్ అనే సర్వేయరు బృందం మర్రే, మర్రంబిడ్జీ నదులు కలిసే చోటికి దగ్గర్లో ఒక వింత జంతువును పట్టుకుంది. ముందు కాళ్ళకు పంది గిట్టల్లాంటి రెండేసి వేళ్ళు. దానికి పంది కాళ్ళ బాండికూట్ అన్న పేరు స్థిరపడింది. తెలుగులో విడదీసి చూస్తే పంది కాళ్ళ పందికొక్కు. ఒకే జంతువు మీద రెండు పందులు! ఇంకో విడ్డూరం కూడా ఉంది. పట్టుకున్న ఆ ఒక్క నమూనాకు తోక ఊడిపోయి ఉంది. 1838లో ఓగిల్బీ అనే శాస్త్రవేత్త దాన్ని చూసి శాస్త్రీయ నామంలో తోకలేనిది అని రాసేశాడు. ఆ జంతువుకు తోక నిక్షేపంగా ఉంటుంది. పేరు మాత్రం అలాగే మిగిలిపోయింది.

వాడుకవాది: నవ్వొస్తోంది. అయినా ఇది శాస్త్రజ్ఞుల తొందర. మాటల మూలాలతో దీనికేం పని?

మూలవాది: నవ్వొచ్చే భాగం అంతవరకే. ఆ జంతువు ఇప్పుడు లేదు. వలసవాళ్ళ పశువుల మందలు, తెచ్చిపెట్టిన పిల్లులు, నక్కలు, మారిన నేల, అన్నీ కలిసి ఇరవయ్యో శతాబ్దంలో దాన్ని తుడిచిపెట్టాయి. 2019లో పరిశోధకులు మ్యూజియముల్లో మిగిలిన చర్మాలు, ఎముకలు పరిశీలించి, అవి ఒక జాతి కాదు, రెండు అని తేల్చారు. రెండోదానికి యిర్రాట్జీ అని పేరు పెట్టారు. అక్కడి మూలవాసులు దాన్ని పిలిచిన పేర్లలో అదొకటి. బతికున్నన్నాళ్ళూ పందికొక్కన్నారు, చచ్చాక సొంత పేరు ఇచ్చారు. మాటకు మూలం ముఖ్యం కాదనేవాళ్ళు దీనికి ఏం చెబుతారు?

వాడుకవాది: దీనికి నేను అడ్డు చెప్పను. చెబితే మొండితనమే అవుతుంది. కానీ మీ ఉదాహరణలోనే ఒకటి గమనించండి. జంతువును చంపింది పేరు కాదు. పిల్లులు, నక్కలు. దాన్ని మొదటి రోజు నుంచీ యిర్రాట్జీ అనే పిలిచి ఉన్నా నక్కలు వదిలేవి కావు. పేరుకు మీరు మరీ ఎక్కువ శక్తి అంటగడుతున్నారు.

మూలవాది: ఎలుక పేరున్న జంతువును కాపాడమని చందా అడగండి. ఎంతొస్తుందో చూద్దాం.

వాడుకవాది: వచ్చింది కదా! తూర్పు చారల బాండికూట్ అని ఒకటుంది. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో అడవిలో అంతరించిందని జాబితాలో రాసేశారు. దశాబ్దాల పాటు కంచెలు కట్టి, దీవుల్లో పెంచి, కాపలా కుక్కల్ని పెట్టి, 2021లో విక్టోరియా రాష్ట్రం దాని హోదాను మార్చింది, అంతరించినది నుంచి ప్రమాదంలో ఉన్నదిగా. పేరు మాత్రం మార్చలేదు. పందికొక్కు పేరుతోనే బతికి బట్టకట్టింది.

మూలవాది: ఒకటి దక్కింది, సంతోషం. అదే దేశంలో పేరు మార్చుకుని బాగుపడ్డవీ ఉన్నాయి. నేటివ్ క్యాట్ అని పిలిచిన మచ్చల జంతువుకు 1960లలో డేవిడ్ ఫ్లే లాంటి ప్రకృతి శాస్త్రవేత్తలు పట్టుబట్టి క్వోల్ అనే పేరు వాడుకలోకి తెచ్చారు. అది గుగు యిమిథిర్ భాషలోని మాట. కుందేలు చెవుల బాండికూట్ అన్నదాన్ని ఇప్పుడు బిల్బీ అంటారు. అదీ మూలవాసుల మాటే, యువాలరాయ్ భాషది. ఆ పేరు నిలిచాక ఈస్టర్ కుందేలు బొమ్మల పక్కన చాక్లెట్ బిల్బీలు అమ్మడం మొదలైంది, వాటి మీద వచ్చిన డబ్బులో కొంత దాని రక్షణకు పోయింది. కుందేలు అక్కడ బయటి నుంచి వచ్చి బిల్బీ బొరియలను ఆక్రమించిన జంతువు. అలాంటిదాని పేరునే బిల్బీకి తగిలించి పిలవడమా?

వాడుకవాది: మీరు చెప్పినవన్నీ నా పక్షానికే సాక్ష్యం. జనం మార్చారు, మారింది. అదే వాడుక. మూలం తనంతట తాను వచ్చి కూర్చోలేదు.

మూలవాది: జనం ఊరికే మార్చలేదు. మూలం తవ్వినవాడు ఒకడు చెబితే మార్చారు.

వాడుకవాది: సరే, ఆ పుణ్యం మూలాలు తవ్వేవాళ్ళకే ఇస్తాను. ఇప్పుడు నా వంతు. బాండికూట్ తీసేసి ఏం పెడతారు? పడమటి ఆస్ట్రేలియాలో, పెర్త్ చుట్టుపక్కల, ఒక జాతిని క్వెండా అంటున్నారు. నూంగార్ భాష మాట. చాలా బాగుంది. విక్టోరియాలో ఉన్నదాన్ని కూడా క్వెండా అంటారా? అక్కడి భాష వేరు, జంతువు వేరు. ఒక మూలవాసుల మాటను ఇంకో మూలవాసుల నేల మీద పరచడం అవుతుంది, అంటే ఇందాక మీరు ఏ తప్పు అన్నారో అదే. ఇది ఊహ కాదు, జరిగింది. 1770లో ఇంగ్లీషు నావికుడు కుక్ ఓడ ఈశాన్య తీరంలో మరమ్మతుకు ఆగినప్పుడు గుగు యిమిథిర్ వాళ్ళ దగ్గర విని కంగారూ అన్న మాట రాసుకున్నారు. వాళ్ళ భాషలో అది ఒక రకం జంతువుకే పేరు. ఇంగ్లీషువాళ్ళు అన్ని రకాలకూ వాడేశారు. 1788లో సిడ్నీలో దిగి అదే మాట అనేసరికి అక్కడి మూలవాసులకు అదేమిటో తెలియలేదు. వాళ్ళ భాష అసలు వేరు. అది ఇంగ్లీషు మాట అనుకున్నారు!

మూలవాది: కంగారూ అంటే నాకు తెలియదు అని అర్థం అన్న కట్టుకథ కూడా చాలాకాలంగా తిరుగుతూనే ఉంది. 1970లలో జాన్ హావిలండ్ అనే పరిశోధకుడు వెళ్ళి ఆ భాష వాళ్ళతో ఉండి, అది నిజంగా జంతువు పేరేనని చూపించేదాకా చాలామంది దాన్ని నమ్మారు. మూలం వెతకకపోతే పుకారే మూలమై కూర్చుంటుంది.

వాడుకవాది: ఒప్పుకున్నాను. మీరు కూడా నా ప్రశ్నకు జవాబు చెప్పండి. ఇరవై జాతులకు కలిపి ఒక ఉమ్మడి పేరు కావాలి. ఏ ఒక్క మూలవాసుల భాషలోనూ ఖండమంతటికీ సరిపోయే మాట ఉండదు. అప్పుడు ఎవరికీ చెందని, ఎవరి నేల మీదా పెత్తనం చేయని మాట ఒకటి వాడటమే నయం కాదా? పందికొక్కు అక్కడ పరాయిది. పరాయిది కావడమే దానికి అర్హత.

మూలవాది: ఇలాంటి వాదన వస్తుందని అనుకోలేదు. దీనికి నా దగ్గర సూటి జవాబు లేదు. ఒక్కో జాతికి ఒక్కో స్థానిక పేరు, గుంపుకు బాండికూట్ అంటే సర్దుకుంటాను. కానీ ఒకటి చూడండి. శాస్త్రం మన మాటను పోగొట్టలేదు. 1873లో లండన్‌లో జాన్ ఎడ్వర్డ్ గ్రే మన పందికొక్కుల ప్రజాతికి బాండికోటా అని పేరు పెట్టాడు. లాటిన్ వేషం వేసుకున్నా అది మన మాటే, అసలు జంతువు మీదే ఉంది. సంచి ఉన్నవాటి శాస్త్రీయ నామాల్లో మన పందికొక్కు మాట లేదు. అంటే అసలు ఎవరు, అరువు ఎవరు అన్నది మ్యూజియంలో చీటీ మీద తేలిపోయింది.

వాడుకవాది: చీటీ మీద తేలితే చాలా? మాట బతికేది జనం నోట్లో. ఆస్ట్రేలియాలో ఆ మాటకు ఏమేం మొలిచాయో చూడండి. బాండికూటింగ్ అని క్రియ ఉంది. బంగాళాదుంపల చేనులో పైన మొక్క కదలకుండా, కిందనుంచి దుంపలు మాత్రం తవ్వుకుపోవడం. యజమాని చూస్తే మొక్క పచ్చగా ఉంటుంది, కింద ఏమీ ఉండదు. దిక్కూమొక్కూ లేనివాడిని కాలిన గుట్ట మీది బాండికూట్ అంటారు. మన తెలుగులో పందికొక్కు మీద జాలి ఎవరైనా పడ్డారా? మనకది తెగమేసేవాడు, ప్రజల సొమ్ము కింద నుంచి తోడేసేవాడు. వాళ్ళకు అదే మాట దిక్కులేనివాడు కూడా అయింది. ఈ రెండో అర్థం మూలంలో లేదు. అక్కడి ఎండ, అక్కడి కార్చిచ్చు, అక్కడి ఒంటరితనం ఇచ్చిన అర్థం. దాన్ని తప్పు అని కొట్టేస్తారా?

మూలవాది: కొట్టేయను. బాండికూటింగ్ మాత్రం మనవాళ్ళు వింటే వెంటనే పోల్చుకుంటారు. పైకి పచ్చగా, కింద ఖాళీ. మన దగ్గర ఆ పని చేసేవాళ్ళని పిలిచే పేరూ అదే.

వాడుకవాది: పోల్చుకోవడం సరే, వారసత్వం మాత్రం కాదు. వాళ్ళు అక్కడి జంతువు తవ్వడం చూసి అన్నారు, మన గాదెను చూసి కాదు. మాటలు మూలానికి కట్టుబడి ఉండాలంటే మనం నోరు విప్పలేం. అవసరం అంటే సంస్కృతంలో సమయం, సందర్భం. శిక్ష అంటే చదువు. హిందీవాళ్ళకు ఇప్పటికీ చదువే, మనకు బెత్తం. రాద్ధాంతం అంటే సిద్ధాంతం, మన ఇళ్ళలో రాద్ధాంతం చేయకు అంటే ఏమిటో మీకు తెలుసు. సంస్కృతం దాకా ఎందుకు, అచ్చతెలుగు కంపు ఉంది. పాత కావ్యాల్లో అది పరిమళం. ఇవాళ ఎవరింటికైనా వెళ్ళి మీ పెరటి మల్లెలు కంపు కొడుతున్నాయని మూలార్థంలో మెచ్చుకుని చూడండి. ఇంగ్లీషువాళ్ళ నైస్ సంగతి ఇంకా ఘోరం. లాటిన్‌లో తెలివిలేనివాడు అన్న మాట నుంచి వచ్చి, కొన్నాళ్ళు మూర్ఖుడై, కొన్నాళ్ళు నాజూకై, చివరికి మంచివాడైంది.

మూలవాది: కంపును వాడమని ఏ మూలవాదీ అనడు. కానీ కంపు ఒకప్పుడు పరిమళం అని తెలియనివాడు పాత పద్యం చదివితే ఏమవుతుంది? కవి హీరోయిన్ జడను తిట్టాడనుకుంటాడు. వాడటానికి మూలం అక్కర్లేదు. చదవడానికి, అనువదించడానికి కావాలి. నేను అసలు అడగాలనుకున్నది ఇదే. ఆస్ట్రేలియా జంతువు గురించి తెలుగులో రాయాల్సి వస్తే ఏమని రాయాలి? తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో పందికొక్కు ఎదుట బాండికూట్ అని ఉంటుంది. అనువాదకుడు దాన్ని తిరగేసి పందికొక్కు అని రాస్తాడు. అంతరించిపోతున్న పందికొక్కులను కాపాడిన ఆస్ట్రేలియా అని వార్త వస్తుంది. కృష్ణా జిల్లా రైతు చదివి, మా పొలంలో ఉన్నవి పంపిస్తాం, పట్టుకుపొమ్మంటాడు.

వాడుకవాది: రైతుది న్యాయమైన బేరమే. ఇక్కడ మీరు నా దారిలోకి వచ్చారు. పందికొక్కు అని రాయకూడదు. బాండికూట్ అనే రాయాలి. మన మాటే అయినా, ఊరు విడిచి, సముద్రాలు దాటి, వేరే జంతువుదై తిరిగొచ్చింది. ఇప్పుడవి రెండు మాటలు. పందికొక్కు ఇక్కడిది, బాండికూట్ అక్కడిది. మూలం ఒకటే అయినా రెండూ ఒకటి కాదు. తిరువనంతపురం యువ ఇంజనీర్లు 2018లో మ్యాన్‌హోళ్ళు శుభ్రం చేసే రోబోకు బాండికూట్ అనే పేరు పెట్టారు. మనిషి మురుగులో దిగి చావకుండా చేసే యంత్రం. దాన్ని తెలుగు పత్రికలు పందికొక్కు అని రాయలేదు, బాండికూట్ అనే రాశాయి. ఎవరూ చెప్పకుండానే వాడుక దారి చూసుకుంది.

మూలవాది: ఆ రోబో పేరులో ఉన్నది అసలు పందికొక్కే. నేల కింద దూరేది, మురుగులో తిరిగేది. సంచి జంతువు కాదు. మలయాళీ పిల్లలు ఇంగ్లీషులో వెతికి మన జంతువు దగ్గరికే వచ్చారు. పైగా రెండు మాటలూ వేరని మీకెలా తెలిసింది? ఒకటి కాదని చెప్పాలన్నా మొదట ఒకటేనని తెలియాలి. ఏమీ తెలియనివాడికి అవి వేరూ కావు, ఒకటీ కావు. రెండు చప్పుళ్ళు, అంతే.

వాడుకవాది: తెలుసుకోవడానికి మూలం కావాలంటే సంతకం పెడతాను. శాసించడానికి అంటే పెట్టను.

మూలవాది: శాసించమని అడిగింది నేను కాదు, నా తరఫున మీరు మొదట్లోనే అనేశారు. నేను అడిగేది, శాసనం కాకపోయినా సాక్ష్యం అని. సాక్షిని కోర్టు బయట నిలబెట్టి తీర్పు రాయకండి అని.

వాడుకవాది: సాక్షి చెప్పిందల్లా తీర్పు అయిపోకూడదని నేను. ఇది ఇప్పట్లో తెమిలేది కాదు. ఒక్క చోట మాత్రం మీకూ నాకూ తేడా లేదు, అది మాటల సంగతి కాదు. సిడ్నీ ఉత్తర శివార్లలోనో, పెర్త్ చుట్టుపక్కలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళు చాలామంది ఉన్నారు. పొద్దున లేచి చూస్తే పచ్చికలో గరాటు ఆకారంలో చిన్న చిన్న గుంతలు. పక్కింటివాళ్ళు బాండికూట్ అంటారు. మన చెవికి పందికొక్కు వినిపిస్తుంది. చెయ్యి మందు డబ్బా మీదకు పోతుంది.

మూలవాది: అక్కడ వినిపించే మూలం తప్పుదారి పట్టిస్తుంది, నిజమే. ఈ ఒక్కచోట నా సాక్షి అబద్ధం చెబుతుంది. కాబట్టి నేనే చెబుతాను. ఆ గుంతలు పచ్చికలో పురుగుల్ని, వేరుపురుగుల్ని ఏరుకుతిన్నవాటివి. ఆ జంతువు కడుపు సంచి వెనక్కి తెరుచుకుని ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడకుండా. గర్భం మోసేది పన్నెండు రోజుల చిల్లర. అక్కడి చట్టం దాన్ని కాపాడుతుంది. ఎలుకల మందు పెడితే అదీ చస్తుంది, సంచిలో ఉన్న పిల్లలూ చస్తాయి. ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్ళు దయచేసి మందు పెట్టకండి. అది పందికొక్కు కాదు.